నీలవేణి మునగని పలక

ఏటిపాకలలో కాకరపర్తి వారంత తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఊళ్ళో ఇంకెవరూ అనకపోవడం వల్ల, పాపం, వాళ్ళే చెప్పుకునేవారు. అక్క మాణిక్యాంబ, తమ్ముళ్ళు వీరేశం, సత్తిరాజు. పరీక్షించనిదే వాళ్ళు ఏదీ కొనరు. కుండ కొంటే వేలితో కొట్టి చూస్తారు. గొడుగు కొనేటప్పుడైతే వాన వచ్చేదాకా కొట్టు అరుగు దిగరు.

అలాంటి మాణిక్యాంబకు ఒక బెంగ పట్టుకుంది. ఆవిడ చదువుతున్న నవలలో నీలవేణి అనే పిల్ల వరదలో పడవెక్కింది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఆవిడ చూపు మందగించి, సన్న అక్షరాలు అలుక్కుపోయాయి. పిల్ల ఒడ్డు చేరిందో లేదో తెలియక నెల రోజులుగా అన్నం సయించడం లేదు. తమ్ముళ్ళని చదివిపెట్టమంటే, "నీ కథ మేం చదివితే అది మా కథ అయిపోదూ?" అన్నారు.

చివరికి ముగ్గురూ పట్నం వెళ్తే, సెల్‌ఫోన్ల కొట్టు గౌరినాయుడు ఆవిడ బెంగ విని రెండు ఈ-రీడర్లు ముందు పెట్టాడు. ఈ-రీడరంటే మరేం లేదు, బడిపలకంత యంత్రం. కాగితాలుండవు, పుస్తకం లోపల ఉంటుంది. వేలితో తాకితే పేజీ మారుతుంది. అక్షరాలు ఎంత కావాలంటే అంత లావు చేసుకోవచ్చు.

"రెండింట్లోనూ మీ నవల ఎక్కించాను పిన్నిగారూ. తెల్లదైతే ఎండలో కూడా అక్షరాలు బాగా కనిపిస్తాయి. నల్లది నీళ్ళలో పడినా ఏం కాదు. మూడు రోజులు వాడి చూసి, నచ్చింది ఉంచుకుని రెండోది తిరిగిచ్చేయండి" అన్నాడు.

ఇంకేముంది! ఇంటికి రాగానే వీరేశం తెల్లదాన్ని డాబా మీద వడియాల పక్కన ఎండబెట్టాడు.

"మరి నల్లదో?" అంది మాణిక్యాంబ.

"పరీక్షంటే ఇద్దరికీ ఒకటే ప్రశ్నపత్రం ఉండాలక్కా" అంటూ సత్తిరాజు దాన్నీ పక్కన పెట్టాడు.

అంతే, ముగ్గురూ కిందికి దిగి భోంచేసి కునుకు తీశారు. అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో చూడ్డానికి పైన ఒక్కరైనా ఉండాలని ఎవరికీ తట్టలేదు. సాయంత్రం పట్టుకుంటే రెండూ పెనంలా కాలుతున్నాయి.

"అయ్యో, జ్వరం తగిలిందర్రా!"

"ఉండక్కా, నీళ్ళ పరీక్ష మిగిలే ఉందిగా. చల్లబడ్డట్టూ ఉంటుంది" అని వీరేశం రెండింటినీ గంగాళంలో ముంచాడు. తెల్లది ఒక్కసారి మెరిసి ఊరుకుంది. మీద ఒక్క అక్షరం లేదు. నల్లది మాత్రం నిక్షేపంలా వెలుగుతోంది.

మాణిక్యాంబ దాన్ని తుడిచి, అక్షరాలు గారెలంత చేసుకుని చదవసాగింది. రెండు పేజీలు తిప్పిందో లేదో, "ఓరి దేవుడో! పడవ తిరగబడింది! నీలవేణి నీళ్ళలో పడిపోయిందిరా!" అని గొల్లుమంది.

"ఏడవకక్కా, నల్లది నీళ్ళలో పడినా ఏం కాదన్నాడుగా నాయుడు" అన్నాడు సత్తిరాజు.

"పలకకి ఏం కాదన్నాడు గానీ పిల్లకి ఏం కాదన్నాట్రా, మొద్దూ?" అని కసిరాడు వీరేశం. "అక్కా! ఇంకొక్క పేజీ తిప్పావంటే పిల్ల మునిగిపోతుంది. వేలు తియ్యి!"

మాణిక్యాంబ నిప్పు తగిలినట్టు వేలు వెనక్కి లాక్కుంది. వీరేశం తెల్లదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి గంతేశాడు.

"ఇందులో నది లేదు, వరద లేదు, అసలు పడవే లేదు! ఇందులో పిల్ల ఎలా మునుగుతుందక్కా?"

"నా తండ్రే! ఎంత తెలివిరా నీది!" అని అక్క మెటికలు విరిచింది.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ కొట్టుకెళ్ళారు. "మాకు తెల్లదే కావాలి నాయుడూ."

గౌరినాయుడు దాన్ని నొక్కాడు, తట్టాడు. "ఇది పాడైపోయింది పిన్నిగారూ! ఇందులో ఇంకేమీ రాదు."

"అందుకే బాబూ తీసుకుంటున్నది. నల్లదాంట్లో పిల్ల నీళ్ళలో ఉంది."

గౌరినాయుడు బిత్తరపోయి, నల్లదాంట్లో తర్వాతి పేజీ తిప్పి చూశాడు. "పడవవాడు జుట్టు పట్టుకుని లాగేశాడు కదండీ! ఒడ్డున కూర్చుని చలికి వణుకుతోంది. బతికింది!"

మాణిక్యాంబ ముఖం చాటంతైంది. "చూశార్రా! మనం తెల్లది ఎంచుకున్నామో లేదో, పిల్ల ఒడ్డెక్కేసింది. పరీక్షించి కొనడమంటే ఇదీ!"

నల్లదే తీసుకోమని గౌరినాయుడు ఎంత మొత్తుకున్నా వినలేదు. మాణిక్యాంబ తెల్లదాన్ని చంకనేసుకుని బస్సెక్కింది. ఇంటికి రాగానే దానికి ఉన్ని శాలువా చుట్టింది. "తడిసి వణుకుతోందిట కదర్రా, పాపం" అంటూ మిరియాల కషాయం కాచి, ఉఫ్ ఉఫ్ అని ఊది, గరిటెడు దాని మీద పోసింది.