ఎర్రయ్యమ్మ మూడు కుక్కపిల్లలు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఎర్రయ్యమ్మ అని ఒకావిడ ఎండుచేపలు అమ్ముకుంటూ ఉండేది. ఒంటి మనిషి. ఆవిడ పాకలో మూడు కుక్కపిల్లలుండేవమ్మా. ఒకటి నల్లది, ఒకటి ఎర్రది, ఒకటి మచ్చలది. తల్లి కుక్క లారీ కింద పడి పోతే, ఈవిడే పాలు పోసి పెంచింది.

పక్కింట్లో సూరీడమ్మ. కుక్కపిల్లలు తన కోళ్ళని తరిమాయని ఎర్రయ్యమ్మతో మాటలు మానేసింది.

ఒక పొద్దున్న మచ్చలది పాలు ముట్టలేదు. అప్పుడు ఎర్రయ్యమ్మ, అలిగిందిలే అనుకుంది. ఆ తర్వాత అది వాంతి చేసుకుంది. ఆ తర్వాత నెత్తురు విరేచనాలు. పాపం, తోక కూడా ఆడించలేక మూల ముడుచుకుంది.  ఎర్రయ్యమ్మ దాన్ని గంపలో పడుకోబెట్టుకుని పశువుల ఆస్పత్రికి పరుగెత్తింది.

డాక్టరమ్మ చూసి, "ఇది పార్వో జబ్బమ్మా, వైరస్. టీకా వెయ్యని పిల్లలకి ఇట్టే సోకుతుంది. సెలైన్ పెడతాను, రోజూ తీసుకురా. బతుకుతుందని మాత్రం ఇప్పుడే చెప్పలేను" అంది. "మిగతా రెండింటినీ వేరే ఇంట్లో ఉంచు. నువ్వు వాటిని ముట్టుకోకు. నీ చేతుల మీదా, కాళ్ళ మీదా కూడా జబ్బు వెళ్తుంది."

వేరే ఇల్లంటే ఎవరిల్లు? అప్పుడు ఎర్రయ్యమ్మ వెళ్ళి సూరీడమ్మ వాకిట్లో నిలబడింది.

"వదినా, కోపం ఉంటే నా మీద ఉంచుకో. ఆ రెంటినీ కొన్నాళ్ళు చూడు."

సూరీడమ్మ కొంగు బిగించి వచ్చి, చెరో చంకలో ఒకదాన్ని ఎత్తుకుపోయింది. డాక్టరమ్మ ఆ ఇంటికే వచ్చి వాటికి టీకాలు వేసింది.

ఇక ఎర్రయ్యమ్మ రోజూ పాకంతా బ్లీచింగు నీళ్ళతో కడిగేది. తన గొంతు వింటే చాలు, కంచె అవతల ఆ రెండూ కుయ్యి కుయ్యిమని ఏడ్చేవి. ముట్టుకోకూడదు కదా! అందుకని చప్పుడు చెయ్యకుండా తిరిగేది.

మచ్చలది మొదట కళ్ళే తెరవలేదు. ఆ తర్వాత తెరిచింది గానీ తల ఎత్తలేదు. ఒక సాయంత్రం ఎర్రయ్యమ్మ వేలికున్న నీటి చుక్కని నాకింది.

"ఎలా ఉందే?" కంచె మీంచి సూరీడమ్మ అడిగింది.

"నాకింది వదినా!" అంటూ ఎర్రయ్యమ్మ ఏడ్చేసింది. సూరీడమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది.

బాగయ్యాక కూడా కొన్ని వారాలు మచ్చలదాన్ని విడిగానే ఉంచారు. ఆ తర్వాత డాక్టరమ్మ సరేనన్నాక, ఎర్రయ్యమ్మ తన పిల్లల కోసం వెళ్ళింది.

"ఎర్రదాన్ని పట్టుకుపో. నల్లదాన్ని మాత్రం ఇవ్వను. అది నా మంచం కింద తప్ప పడుకోదు" అంది సూరీడమ్మ.

"ఉంచుకో వదినా" అని ఎర్రయ్యమ్మ నవ్వి, అక్కడే కూర్చుని టీ తాగింది.

కథేమో కంచికి పోయింది,
కునుకేమో కంటికి వచ్చింది.