తాకి చూడని కొడవలయ్య

తుమ్మలకోన అడవిలో ఎలుగుబంట్లున్నాయి, నెమళ్ళున్నాయి, దుప్పులున్నాయి. వాటి సంగతి ఇప్పుడు మనకక్కర్లేదు. ఈ కథంతా అక్కడి ఓ చెదల పుట్టలో జరిగింది.

చెదలు కర్రలూ ఎండుటాకులూ కొరుకుతాయి గానీ, వాటిని అరిగించుకోవడం వాటికి చేతకాదు. అందుకే పుట్ట లోపల బూజు తోటలు పెంచుకునేవి. కొరికి తెచ్చిన పొట్టునంతా తోటలో వేస్తే, బూజు దాన్ని మెత్తబరచి కమ్మటి ముద్ద చేసి పెట్టేది. పసికూనల దగ్గర్నుంచి రాణిగారి దాకా అందరికీ అదే కూడు.

ఆ పుట్టకు కావలిదండు నాయకుడు కొడవలయ్య. పేరుకు తగ్గట్టు కొడవళ్ళలాంటి దవడలు. నోట్లోంచి ఘాటు జిగురు చిమ్మాడంటే చీమల దండైనా పరుగు లంకించుకోవాల్సిందే. అయితే ఒక్క చిక్కుంది. ఆ దవడలు పోట్లాటకే గానీ తిండికి పనికిరావు. ముసలి తోటమాలి నూకవ్వ పూటపూటా వచ్చి నోట్లో ముద్ద పెట్టాలి. అంత వస్తాదుకూ గోరుముద్దలే మరి!

ఈ చెదలకు కళ్ళుండవు. ఎవరెదురైనా మీసాలతో తాకి, వాసన చూసి, మనవాళ్ళో కాదో తేల్చుకుంటాయి. అది ఆ పుట్ట ఆచారం.

ఒక వానాకాలం, తోటల్ని పాడుచేసే దొంగబూజొకటి పుట్టలోకి చొరబడింది. కొడవలయ్య దండు దాన్ని ఒక్క పూటలో మట్టుబెట్టింది. "భళా కొడవలయ్యా!" అని పుట్టంతా మెచ్చుకుంది. ఆ పొగడ్త అతని తలకెక్కింది. దాంతోపాటు భయమూ పట్టుకుంది. మళ్ళీ వస్తే? ఎక్కడో నక్కి ఉంటే? ఆ రోజు నుంచి బూజన్నదల్లా అతనికి శత్రువే.

ఓ పూట అతను సొంత తోట మీదే జిగురు చిమ్మబోయాడు. "నాయనా, ముందు తాకి చూడరా. ఇది మన తోట" అంది నూకవ్వ.

"తాకి చూసే తీరికెక్కడిదవ్వా? నేను తాకేలోపు అది నన్ను మింగేస్తే?" అని కసిరి, జిగురు చిమ్మాడు కొడవలయ్య.

ఆ ఘాటుకు తోట మాడిపోయింది. తోట వెనక గోడ ఊరుకుంటుందా? ఎర్రబడింది, ఉబ్బింది, పగిలింది. పగుళ్ళలోంచి బయటి దుమ్మూ ధూళీ లోపలికొచ్చాయి.

"నేను చెప్పలే? ఇవిగో శత్రువులు!" అని అతను దండుతో కలిసి ఒక్కో తోట మీదా ఇంకాస్త చిమ్మాడు. గోడ ఇంకాస్త పగిలింది. పుట్టంతా జ్వరమొచ్చినట్టు కాగిపోయింది.

నాలుగో రోజు పొద్దున కొడవలయ్య అలవాటుగా నోరు తెరిచాడు. ముద్ద రాలేదు.

"అవ్వా, ఆకలేస్తోంది."

"నాకూ వేస్తోంది నాయనా. పసికూనలైతే ఏడ్చి ఏడ్చి సోలిపోయాయి. ఇంకో రెండ్రోజులిలాగే ఉంటే ఒక్కటీ బతకదు. వండిపెట్టే తోటల్ని నువ్వే మాడ్చేశావు. నేనేం పెట్టను?"

కొడవలయ్యకు రోషమొచ్చింది. "నువ్వు పెట్టకపోతే నేను తినలేనా!" అని ఓ ఎండుటాకు మీద పడ్డాడు. దవడలు ఒకదాన్నొకటి పెనవేసుకుని, ఆకు నెత్తికి తగులుకుంది. పక్కనున్న కూలిచెదలు అంత ఆకలిలోనూ కిసుక్కున నవ్వాయి.

అవమానంతో విసవిసా నడిచి, మూలనున్న ఆఖరి తోట దగ్గరికొచ్చాడు. "అసలు దొంగ ఇక్కడే ఉంది" అని నోరు తెరిచాడు. నూకవ్వ అడ్డంగా నిలబడింది.

"ఒక్కసారి తాకు. శత్రువు వాసనొస్తే నన్నూ కలిపి మాడ్చెయ్."

అవ్వ మీద చిమ్మడానికి మనసొప్పలేదు. విసుక్కుంటూనే మీసం చాచి బూజును తాకాడు.

అది తడితడిగా, కమ్మగా ఉంది. తను పుట్టిన పూట అవ్వ నోట్లో పెట్టిన మొదటి ముద్ద వాసన అదే. కొడవలయ్య దవడలు వాలిపోయాయి. "అయ్యో అవ్వా, ఇది మన కూడే గదే! ఎంత పని చేశాను!" అని బావురుమన్నాడు.

"వీణ్ణీ వీడి దండునూ బయటికి గెంటేద్దాం" అన్నాయి కూలిచెదలు.

"గెంటేస్తే, రేపు నిజం దొంగ వచ్చినప్పుడు మీరు ఆపుతారా? వాడు ఉండాలి. కాస్త చల్లబడాలి, అంతే" అంది నూకవ్వ.

కొడవలయ్య దండు పగుళ్ళ దగ్గర నోరు మూసుకుని కాపలా కాసింది. కూలిచెదలు మట్టి మెత్తి గోడలు పూడ్చాయి. ఆఖరి తోట నుంచి చిటికెడు చిటికెడు తెచ్చి కొత్త తోటలు నాటాయి. గోడల వాపు మెల్లగా తీసింది. మొదటి ముద్దలు పసికూనలకు పెట్టాయి. అందరూ తిన్నాకే తనకు పెట్టమని కొడవలయ్య తనే అడిగాడు.

పిల్లలూ, మీ కడుపులోనూ ఇలాంటి తోటే ఉంది. కంటికి ఆనని సూక్ష్మజీవులు కోట్లకొద్దీ చేరి మీ తిండి అరగడానికి సాయం చేస్తాయి. రోగాలతో పోరాడే కావలిదండూ ఉంది, దాన్నే రోగనిరోధక శక్తి అంటారు. కొందరిలో, పాపం వాళ్ళ తప్పేమీ లేకపోయినా, ఆ దండు సొంత తోట మీదే తిరగబడుతుంది. పేగు గోడ వాచి పుండవుతుంది. అప్పుడు వైద్యులు నూకవ్వలాగే ఆ దండును చల్లబరచడానికి చూస్తారు.

ఇక కొడవలయ్య అంటారా? ఇప్పుడు దుమ్మురేణువొచ్చినా తాకి గానీ వదలడు. నూకవ్వనైతే పూటకు రెండుసార్లు తాకుతాడు. "చాల్లేరా, చక్కిలిగింతలు!" అని ఆమె నవ్వుతూ నోట్లో ముద్ద పెడుతుంది.

నీతి: ఎవరిని కొట్టాలో తెలిస్తే చాలదు, ఎవరిని కొట్టకూడదో కూడా తెలిసినవాడే మంచి కావలివాడు.