మిగిలిపోయిన సన్నెమ్మ

ఒకప్పుడు చీమలు ఇప్పటిలా నడిచేవి కావు. పెళ్లి భోజనాల్లో బంతులు తీర్చినట్టు, వరసకు ఇంతమంది అని జట్లు కట్టి నడిచేవి. ఏ వరసలోనూ ఒకరు ఎక్కువ ఉండకూడదు, ఒకరు తక్కువ ఉండకూడదు. అది వాళ్లకు పరువు సంగతి.

ఒక పుట్టలో రెండువేల ఐదువందల ఇరవైయొక్క చీమలుండేవి. అందరికన్నా వెనక వచ్చేది సన్నెమ్మ. వయసు మీదపడింది, పైగా ఒక కాలు కుంటు.

వానలు ముంచుకొచ్చాయి. పుట్టలోకి నీళ్లు రాకముందే గుడ్లన్నీ మోసుకుని గట్టు మీదికి పోవాలి. దండుపెద్ద గండప్ప మీసం దువ్వి అరిచాడు. "వరసకు ఇద్దరు!"

అందరూ నిలబడ్డారు. చివర సన్నెమ్మ ఒక్కతే మిగిలింది.

"వరసకు ముగ్గురు!"

మళ్లీ సన్నెమ్మే. నలుగురన్నా అంతే, ఐదుగురన్నా అంతే, పదిమందన్నా అంతే! పదకొండుకు మాత్రం ఇద్దరు మిగిలారు. "అమ్మయ్య, తోడు దొరికింది," అని సంబరపడింది సన్నెమ్మ. పన్నెండు అనేసరికి ఆ తోడు కూడా పోయింది.

గండప్పకు తల ప్రాణం తోకకొచ్చింది. పాపం, ఆ సంఖ్యే అంత మొండిది. ఎన్ని వాటాలు వేసినా సమంగా తెగి చావదు. బడిలో అలాంటిదాన్నే ప్రధాన సంఖ్య అంటారు.

చివరికి గండప్ప గొంతు సవరించుకున్నాడు. "సన్నెమ్మా, నువ్వొక్కదానివి తగ్గితే రెండేసి అన్నా పదేసి అన్నా చక్కగా సరిపోతాం. నువ్విక్కడే ఉండి పుట్టకు కాపలా కాయి."

"నీళ్లొస్తాయిగా పెద్దయ్యా?"

గండప్ప వంగి ఇసుక మీద మళ్లీ లెక్కలు వేయసాగాడు.

సన్నెమ్మకు ముందు ఏడుపొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. "మీ వరసలూ వద్దు, మీ పరువూ వద్దు. నా దారిన నేను పోతా!" అని, ఒక గుడ్డు నోట కరుచుకుని కుంటుకుంటూ గట్టు ఎక్కసాగింది.

పక్క గదిలో ఉండే తాయమ్మకు మనసాగలేదు. "ఉండు పిన్నీ, నేనూ వస్తున్నా," అంటూ వెనకే నడిచింది. తాయమ్మ వెనక ఆమె చెల్లెలు. చెల్లెలి వెనక ఇంకొకరు, వాళ్ల వెనక మరొకరు. ముందు సన్నెమ్మ ఎంత మెల్లగా నడిస్తే అందరూ అంత మెల్లగానే నడిచారు.

గండప్ప ఇసుక మీద లెక్కలు వేస్తూనే ఉన్నాడు. కాళ్లకు నీళ్లు తగిలి తలెత్తి చూస్తే ఏముంది? తానొక్కడే మిగిలాడు!

"ఆగండర్రా! నన్నొదిలేశారు!" అని లబలబలాడుతూ పరిగెత్తాడు.

గట్టు మీద గుడ్డు దించి సన్నెమ్మ కేకేసింది. "చివర చోటుంది, రా నాయనా! ఈ వరసలో మిగలడమంటూ లేదు."

అప్పటినుంచే చీమలు ఒకదాని వెనక ఒకటి బారులు తీరి నడుస్తాయి. ఎదురుపడ్డ ప్రతి చీమనూ ఆగి, మూతికి మూతి ఆనించి అడిగి మరీ పోతాయి: "వెనక ఎవరూ మిగల్లేదు కదా?"