సాదిమిన్ పోయిన రోజు

జావా ద్వీపంలో సురోసో అనే నవలాకారుడు ఉండేవాడు. శిష్యులు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. చరిత్ర చదువుకుని ఆయన దగ్గర చేరిన హర్జోనో ఒకనాడు నిలదీశాడు.

"గురువుగారూ, కట్టెలు కొట్టే సాదిమిన్‌ను రంజాన్ ఉపవాసాల నెలకు ముందటి మంగళవారం చంపారని మీ నవలలో రాశారు. ఆ రోజు ఆ ఊరికి సైన్యం లారీలే రాలేదు. అందరినీ విచారించాను. ఇంత ఘోరానికి కల్పన కలపడం తప్పు కాదా?"

"ఇవాళ ఆ మంగళవారమే. భోజనానికి పిలిచారు, పద," అన్నాడు గురువు.

వెళ్ళింది సాదిమిన్ భార్య గినెమ్ ఇంటికి. వామపక్షం వాళ్ళన్న ముద్ర వేసి సైన్యం మనుషుల్ని లారీలెక్కించిన ఏడాది, ఆమె భర్తనూ ఎక్కించారు. శవం రాలేదు. ఆ ప్రాంతంలో చనిపోయినవాళ్ళ పేర ఏటేటా వాళ్ళు పోయిన రోజునే వండి, ఇరుగుపొరుగును పిలిచి ప్రార్థన చేయిస్తారు. రోజు తెలియకపోతే ప్రార్థనా లేదు, అన్నమూ లేదు. బడిపుస్తకంలోనేమో ఆ ఊళ్ళో ఎవరూ చావనే లేదట! రాసిన మహానుభావులకు చేతులెలా వచ్చాయో! ఏళ్ళు గడిచాక ఎవరో నవల చదివి వినిపిస్తే, గినెమ్ ఆ మంగళవారాన్ని పట్టుకుంది.

చాపల మీద జనం కూర్చున్నారు. మధ్యలో పసుపు కలిపిన పచ్చటి అన్నం కొండలా పేర్చి ఉంది. హర్జోనో ఆగలేకపోయాడు.

"అమ్మా, ఆయన పోయింది ఈ రోజు కాదు."

ప్రార్థన ఆగిపోయింది. గినెమ్ చేతిలో గరిటె విసిరికొట్టింది.

"అయితే ఏ రోజు? చెప్పు! రేపంటే రేపు మళ్ళీ వండుతాను. దాటిపోయిందంటే ఆయన్ని తలుచుకుని క్షమించమని ఏడుస్తాను. ఇన్నేళ్ళూ ఒక్కడూ నోరు విప్పలేదు. ఇప్పుడొచ్చి కాదంటావా? ఏ రోజో చెప్పి కదులు!"

"మా అన్నయ్య పోయిన రోజు కూడా చెప్పు," అన్నాడు చాప చివర కూర్చున్న ముసలాయన. "మా నాన్నది," అంది ఇంకొకావిడ.

ఏ రోజు కాదో మాత్రమే హర్జోనోకు తెలుసు. ఎంత విచారించినా అసలు రోజు అతనికి దొరకలేదు.

గురువు తన పక్కనే చాప మీద చోటు చూపించాడు.

"కూర్చుని తిను. తినలేనంటావా, లారీలు తెచ్చినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. ఏ రోజో వెళ్ళి అడిగిరా. నవలలోంచి నా మంగళవారాన్ని నా చేత్తోనే కొట్టేస్తాను."