సుంకమ్మ దాచిన విత్తనం

గుట్ట కింది మఠంలో బసవలింగయ్య గారు ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కారు. "చూద్దాం" అనేవారు. ఆ చూడటానికి ఒక్కోసారి వారం పట్టేది, ఒక్కోసారి ఏడాది. తొందరున్నవాళ్లు వేరే గురువును చూసుకునేవారు. మద్దిలేటి మాత్రం ఇంకొకరిని వెతుక్కునే ఓపిక లేక అక్కడే ఉండిపోయాడు.

అతను మెట్ట రైతు. పిల్లలు లేరు. భార్య సుంకమ్మ విషజ్వరంతో పోయి రెండేళ్లయింది. పగలంతా చేలో పని చేసుకుని, పొద్దు వాలాక మఠానికొచ్చి వసారా ఊడ్చేవాడు. ఒకనాడు ఊడుస్తూ ఊడుస్తూ చీపురు పక్కన పెట్టి అడిగేశాడు.

"అయ్యా, శివుడిచ్చింది ఏదీ పోదంటారు గదా మీరు. మరి నా సుంకమ్మ యాడుంది?"

బసవలింగయ్య గారు ఎప్పటి మాటే అన్నారు.

"చూద్దాం నాయనా."

అయ్యవారు రోజూ అయిదిళ్లకే భిక్షకు వెళ్లేవారు. ఇంటికి గుప్పెడు చాలు. ఆ అయిదిళ్లలో దొరక్కపోతే ఆ పూటకు మంచినీళ్లే. ఆ మరునాడు ఆయన జోలె మద్దిలేటి గడప ముందు ఆగింది. జోలెలో జొన్నపిండి వేయించుకుంటూ ఆయన లోపలికి చూశారు. దేవుడి మూల పటాల పక్కన ఒక మట్టికుండ ఉంది. పసుపు రాసి బొట్టు పెట్టి, ముందు దీపం వెలిగించి ఉంది.

"అందులో ఏముంది?"

"కొర్ర విత్తనం అయ్యా. పోయే ముందు పంటలో మంచి కంకులు ఏరి సుంకమ్మే దాచింది. మూత కూడా తనే మెత్తింది."

పేడా మట్టీ కలిపి మెత్తిన ఆ మూత మీద ఆమె అయిదు వేళ్ల గుర్తులూ ఎండిపోయి ఉన్నాయి. దీపం పెట్టినప్పుడల్లా మద్దిలేటి తన వేళ్లను ఆ గుర్తుల్లో ఆనించి చూసుకునేవాడు. ఆ సంగతి అతను చెప్పలేదు, అయ్యవారు అడగలేదు. "కుండ గట్టిది" అని మాత్రం అని ఆయన తర్వాతి ఇంటికి నడిచారు.

ఆ ఏడు మృగశిర కార్తెలో వాన మంచిగానే మొదలైంది. ఊరంతా విత్తారు. మొలక జానెడు లేచాక మబ్బు మొహం చాటేసింది. నెల తిరిగేసరికి కొర్రచేలన్నీ మాడిపోయాయి. మద్దిలేటి వేసింది ఆముదాలు కనుక ఎలాగో ఓర్చుకున్నాయి. పుష్యమి కార్తె వచ్చాక రెండు రోజులు ముసురు పట్టి భూమి మళ్లీ పదునయింది. కానీ విత్తడానికి ఎవరింట్లోనూ గింజ లేదు. అంగట్లో అడిగితే మొదటి విత్తుకే అయిపోయిందన్నారు.

ఆ సాయంత్రం ఉరుకుందమ్మ మఠానికి వచ్చింది. ఆమెకున్నది గుట్ట వాలులో రెండెకరాల ఎర్రనేల, ఒంటిమనిషి సేద్యం.

"తిండికి ఎట్లో తిప్పలు పడతాను అయ్యా. నా దిగులు దానికి కాదు. చేను బోడిగా పడుంటే ఈ వానలకు మట్టంతా వంకలోకి కొట్టుకుపోతాది. మా అత్త గంపలతో మోసి పోసిన మట్టి అది. పైన ఇంత పచ్చన ఉంటే నిలబడతాది. నాలుగు దినాల్లో పదునారిపోతే ఇంక చేసేదేమీ లేదు."

బసవలింగయ్య గారు చీపురు పట్టుకుని నిలబడిపోయిన మద్దిలేటి వైపు తిరిగారు.

"ఈ అమ్మకు ఏం చెప్పమంటావు?"

మద్దిలేటికి ఒళ్లు మండింది. గురువు మీద కోపం రావడం అతనికి అదే మొదలు.

"అది విత్తనం కాదయ్యా! నా సుంకమ్మ చెయ్యి."

"కాదనలేదు నాయనా" అన్నారు ఆయన. ఉరుకుందమ్మకు విషయం సగమే అర్థమైనా, "వద్దులే అన్నా" అని కొంగు భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

మద్దిలేటి ఇంటికొచ్చి కుండ ముందు కూర్చున్నాడు. వద్దులే అన్న ఆ మాట అతన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. సుంకమ్మ బతికుంటే ఏం చేసేదో అతనికి తెలుసు. ఉరుకుందమ్మ మఠం దాకా నడిచే అవసరమే వచ్చేది కాదు. మూతను ముక్కలు కాకుండా ఊడదీయాలని కత్తి మొనతో అంచులన్నీ గీకాడు. ఎంత జాగ్రత్తగా లేపినా అది చేతిలోనే పొడిపొడి అయిపోయింది. ఆ పొడిని ఒళ్లో పెట్టుకుని, ఆమె పోయిననాడు కూడా ఏడవనంతగా ఏడ్చాడు.

లోపల బూడిద, ఎండిన వేపాకు, వాటి మధ్య కొర్రలు. రెండేళ్లనాటి గింజ మొలుస్తుందో లేదో తెలియదు. గుప్పెడు గింజలు తడిగుడ్డలో మూటగట్టి వెచ్చగా గడ్డిలో పెట్టాడు. మరునాడు విప్పితే ఏమీ లేదు. మూత పగలగొట్టుకున్నదీ దండగేనా అనుకున్నాడు. ఆ మరునాడు విప్పేసరికి పదింటికి ఏడు గింజలు తెల్లటి మొలక చూపించాయి.

అతను కుండ నెత్తిన పెట్టుకుని ఉరుకుందమ్మ చేనికి నడిచాడు. ఎద్దులూ విత్తే గొర్రూ కూడా అతనే తోలుకెళ్లాడు. మొలక పల్చగా వస్తుందని గింజ కాస్త దట్టంగా పోసింది ఆమె. అతను వాలుకు అడ్డంగా సాళ్లు తోలాడు. తర్వాత వచ్చిన పెద్దవానకు గుట్ట మీది నీళ్లు ఆ చేలోంచి తేటగా దిగాయి. దాన్ని చూడటానికి మద్దిలేటి తడుసుకుంటూ వెళ్లాడు. ఆ పూట ఇంటికొచ్చి, చాన్నాళ్ల తర్వాత, రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

కంకులు నక్కతోకల్లా వంగాయి. ఉరుకుందమ్మ మంచివి ఏరి మద్దిలేటికిచ్చింది, ఊళ్లో అడిగిన వాళ్లందరికీ ఇచ్చింది. ఎవరి గింజ అని అడిగితే "సుంకమ్మది" అని చెప్పేది. వాళ్లు తమ చుట్టాలకిచ్చారు. మూడో ఏటికి ఆ గింజ వంక దాటి పోయింది, వెంట ఆ పేరూ పోయింది.

ఆ ఏడు ఎండాకాలం ఒక పొద్దున మద్దిలేటి మఠం వసారా అలుకుతున్నాడు. భుజాన ఖాళీ సంచితో ఎవరో పైఊరి రైతు వచ్చి అయ్యవారికి దండం పెట్టాడు. అతను ఈ ఊరికి రావడం అదే మొదటిసారి.

"సామీ, మీ ఊళ్లో సుంకమ్మ ఉండాదంట గదా? వాన ఎగ్గొట్టినా నిలబడతాదని మావాళ్లు చెప్పినారు. యా ఇంట్లో ఉండాదో చెప్తే పోయి అడుక్కుంటా."

మద్దిలేటి చెయ్యి అలుకుగుడ్డ మీదే ఆగిపోయింది. తల ఎత్తి గురువు వైపు చూశాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి, పెదాల మీద నవ్వు కూడా ఉంది.

"నన్నెందుకు చూస్తావు?" అన్నారు బసవలింగయ్య గారు. "ఆయన అడిగింది నీకు తెలిసిన సంగతే. చెప్పు."