పెద్ద గొడుగూ, కొబ్బరి పచ్చడీ

అనగనగా కందిచేల నడుమ ఒక ఊరు. ఆ ఊరి చివర తిరగేసిన గొడుగులాంటి పెద్ద యాంటెన్నా ఒకటి ఉండేది. మన ఇల్లు ఎత్తి అందులో పెడితే ఓ మూలకి పడుంటుంది, అంత పెద్దది.

దాని పని వినడం. ఆకాశంలో ఎంతో దూరం పోయిన 'పిచ్చుక' అనే చిన్న నౌక రోజూ పొద్దున ఏడింటికి "నేను బాగానే ఉన్నా" అని కబురు పంపేది. ఇక్కడికొచ్చేసరికి ఆ గొంతు చీమ నడిచినంత చప్పుడయ్యేది. అయినా గొడుగు వినేది.

ఒకరోజు పిచ్చుక మాటకు బదులు గరగర వినబడింది. అప్పుడు పెద్ద ఆఫీసరు, "మూడు రోజులు చూద్దాం. పలక్కపోతే అది పోయిందనుకుని వదిలేద్దాం" అన్నాడు.

గొడుగును చూసుకునే నస్రీన్ ఒప్పుకోలేదు. పిచ్చుకకు మరలు బిగించింది తనే మరి. "ఊళ్ళో ఏదో మోటారు నిప్పురవ్వలు కొడుతోంది. ఆ రొదే మన గొడుగు చెవిలో పడుతోంది" అంది.

మొదటి రోజు పిండిమర ఆపించింది. గరగర పోలేదు. ఆ తర్వాత బోరు మోటార్లన్నీ ఆపించింది. రైతులు గొణిగారు గానీ ఆపారు. అయినా పోలేదు. పాపం, ఆ పిల్ల రెండు రోజులూ ముద్ద ముట్టలేదు.

గొడుగు దగ్గర పనిచేసేవాళ్ళకు వంట చేసే ఆమె అది చూడలేకపోయింది. నోరు పెద్దదే గానీ మనసు వెన్న. మూడో రోజు పొద్దున ఆ పిల్ల చేత తినిపించాలని పచ్చడిలో కొబ్బరి ఇంకాస్త ఎక్కువ వేసి, రోజూలాగే సరిగ్గా ఏడింటికి మిక్సీ తిప్పింది.

అప్పుడు రొద ఎటునుంచి వస్తోందో వెతకడానికి నస్రీన్ పట్టుకు తిరుగుతున్న చిన్న యాంటెన్నా వంటింటి వైపు గర్రుమంది. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఆ పాత మిక్సీ అడుగున నీలం రవ్వలు. గరగర మొదలైన రోజే అది ఆ వంటింటికి వచ్చింది.

"అక్కా, ఆపు."

"రెండు తిప్పులే తల్లీ, ఇంకా నలగలేదు."

"పిచ్చుక దక్కదు అక్కా."

ఆమె తీగ పీకేసింది. గరగర ఆగింది. గొడుగు చెవిలో సన్నగా, "నేను బాగానే ఉన్నా."

నస్రీన్ ఆమెను పట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత ఆరు దోసెలు తింది.

ఆ వంటామె ఎవరనుకున్నావు? నేనే, మీ అమ్మమ్మనే. నవ్వకు. మీ అమ్మ కొన్న మిక్సీ అటకెక్కించి రోట్లో ఎందుకు రుబ్బుతానో ఇప్పుడు తెలిసిందా? పొద్దున ఏడింటికి నాకు ఇప్పటికీ భయమే.

పచ్చడి రోట్లోకి,
పిచ్చుక మింట్లోకి,
కథ కంచిలోకి,
నువ్వు దుప్పట్లోకి.