అడ్డాకు మీద అడ్డాకు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో జంతువులన్నిటికీ ఒకటే పిచ్చి, ఆకులాట. పిల్లలూ, మీకు ఆ కార్డుల పిచ్చి ఉన్నట్టే. అన్నానికి పిలిస్తే లేవకపోవడం, ఓడిపోతే మూతి ముడుచుకోవడం, అన్నీ అచ్చం మీలాగే. అందుకే ఈ కథ మీకే చెబుతున్నాను. ఆ కార్డులు కాసేపు పక్కన పెట్టి వినండి.

ఎండిన మోదుగాకు మీద ముల్లుతో బొమ్మ గీస్తే ఆట ఆకు తయారు. గాలి బొమ్మ ఉంటే గాలాకు. వాన బొమ్మ ఉంటే వానాకు. ఒక్కో ఆకులో ఒక్కో మంత్రం. ఆడేది ఇద్దరు. ఇద్దరి ముందూ ఐదేసి గురివింద గింజలు ఉంటాయి. ఎదుటివాళ్ల గింజలన్నీ ఎగరగొట్టినవాళ్లు గెలిచినట్టు.

వీటిలో అడ్డాకు అని ఒకటి ఉంది. ఎదుటివాళ్లు వేసిన ఆకును పనిచేయనివ్వకుండా ఆపడమే దాని పని. అందుకని ఆకు వేసినవాళ్లు "అడ్డుందా?" అని అడిగి తీరాలి. ఎదుటివాళ్లు "లేదు" అన్నాకే మంత్రం పనిచేస్తుంది.

ఈ బొమ్మలన్నీ గీసేది గవరయ్య అనే ముసలి ఏదుపంది. ముల్లు కోసం ఆయన ఎక్కడా వెతుక్కోనక్కర్లేదు కదా, వీపు నిండా అవే! అందరూ ఏదో ఒకటి ఇచ్చి ఆయన దగ్గర ఆకులు పుచ్చుకునేవారు.

ఎండాకాలం చివర్లో ఒకరోజు పైడమ్మ అనే ముంగిస ఆయన దగ్గరికి వచ్చింది. దాని నోట్లో ఒక నెమలీక ఉంది.

"ఏదుమామా, ఇది తీసుకుని నాకో అడ్డాకు ఇయ్యి. మిగతా ఆకులు వాళ్లనీ వీళ్లనీ అడిగి తెచ్చుకున్నాను."

"నువ్వెప్పుడూ ఆడలేదు కదే. ఇప్పుడెందుకు?"

"కొండమీద గుహ కోసం మామా. నిరుడు వాగు పొంగి నా బొరియ మునిగిపోయింది. అప్పుడు నేనొక్కదాన్నే, ఎలాగో ఈదుకుని బయటపడ్డాను. ఇప్పుడు ముగ్గురు పిల్లలు. ఇంకా కళ్లు కూడా సరిగా తెరవలేదు."

ఆ గుహకి ఎంత వాన వచ్చినా నీళ్లు ఎక్కవు. ఏటా వానలకు ముందు దాని కోసం ఆట పెడతారు. గెలిచినవాళ్లు వానలు తగ్గేదాకా అందులో ఉండొచ్చు. గవరయ్యకీ ఆ గుహ మీద ఆశ ఉంది. ఆయన బొరియలో ఎప్పుడూ చెమ్మే. చెమ్మకి ఒకటే దగ్గు. నిరుడంతా ఆ దగ్గుతో ఆయన పడిన పాట్లు చెప్పనలవి కాదు.

ఆయన అడ్డాకు ఇచ్చాడు. "ఇది ఎదుటివాళ్ల మంత్రాన్ని ఆపుతుంది," అన్నాడు. అంతే చెప్పాడు. ఇంకా సగం ఉంది, అది చెప్పలేదు. మరిచిపోయాడో, కావాలనే మింగేశాడో ఆయన మనసుకే తెలియాలి.

ఆ ఏడు గుహ అడిగింది ఇద్దరే. ఒకరు గవరయ్య, ఇంకొకరు పైడమ్మ. కొండ కింద బండ మీద ఆట మొదలైంది. ఆట నడిపించేది నింపాది తాత అనే తాబేలు. చుట్టూ అడవి అంతా చేరింది. చూసేవాళ్లు ఎవరూ సలహా చెప్పకూడదు. నియమం తప్పితేనే తాత నోరు విప్పుతాడు.

మొదట పైడమ్మ వానాకు వేసింది. వేసీ వేయగానే గవరయ్య గింజలు మూడు గబగబా తీసేసింది.

"ఆగమ్మాయ్," అన్నాడు తాత. "అడగలేదు నువ్వు. గింజలు అక్కడ పెట్టు."

పైడమ్మ సిగ్గుపడి గింజలు తిరిగి పెట్టేసింది. "అడ్డుందా మామా?"

"లేదు," అన్నాడు గవరయ్య. ఆయన దగ్గర అడ్డాకు ఉంది. కానీ దాచుకున్నాడు. ఆయనకి రెండు గింజలు మిగిలాయి.

తర్వాత గవరయ్య గాలాకు వేశాడు. "అడ్డుందా?"

గాలాకు ఎన్ని గింజలు ఎగరగొడుతుందో పైడమ్మకి తెలియదు. "లేదు," అనేసింది. నాలుగు గింజలు ఎగిరిపోయాయి. "ఉంది, ఉంది! అడ్డు!" అంటూ పైడమ్మ అడ్డాకు తీసి బండ మీద కొట్టింది.

తాత తల అడ్డంగా ఊపాడు. "పని జరిగిపోయింది తల్లీ. జరగకముందే అడ్డం పడాలి గానీ, జరిగాక పడితే ఏం లాభం? ఆకు నీ చేతిలోకి తీసుకో."

పైడమ్మకి ఒకే గింజ మిగిలింది. దాని చేతిలో రెండే ఆకులు. ఒకటి ఆ అడ్డాకు. రెండోది పిడుగాకు. పిడుగాకు పడితే ఎదుటివాళ్లకి ఎన్ని గింజలున్నా అన్నీ పోతాయి. పైడమ్మ పిల్లల వైపు ఒకసారి చూసుకుంది. పొద కింద మూడూ ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. పిడుగాకు వేసింది.

"అడ్డుందా మామా?"

"ఉంది," అన్నాడు గవరయ్య. దాచుకున్న అడ్డాకు తీసి పిడుగాకు మీద పెట్టాడు. తర్వాత నియమం ప్రకారం తనూ అడిగాడు. "అడ్డుందా?"

పైడమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అడ్డాకు మంత్రాలనే ఆపుతుందని కదా అది నేర్చుకుంది! ఇంక చేసేదేముందని, "లే..." అనబోయింది.

చూశారా పిల్లలూ, ఆ రెండో అక్షరం బయటికి వస్తే చాలు. పిడుగాకు పోతుంది. గవరయ్య చేతిలో ఇంకా రెండు గాలాకులు ఉన్నాయి, ఒకటి పైడమ్మ ఆపినా రెండోది తగులుతుంది. గుహ ఆయనదే. ఆయన మోసమేమీ చేయనక్కర్లేదు, ఊరికే కూర్చుంటే సరిపోతుంది.

ఆయన ఊరికే కూర్చోలేకపోయాడు.

"ఆగు తల్లీ! ఆ మాట అనకు. ఆ రోజు నీకు సగమే చెప్పాను. అడ్డాకు ఇంకో అడ్డాకును కూడా ఆపుతుంది. నీ దగ్గర ఒకటుంది. నా దాని మీద వెయ్యి."

పైడమ్మ తెల్లబోయింది. "వేస్తే నువ్వు ఓడిపోతావు కదా మామా?"

"అది నా సంగతి. నువ్వు వెయ్యి."

పైడమ్మ వేసింది. "అడ్డుందా?"

"లేదు," అన్నాడు గవరయ్య.

తాత మెడ చాచి ఆకులు చూశాడు. "మూడు ఆకులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. చివర వేసింది ముందు పనిచేస్తుంది. పైడమ్మ అడ్డాకు గవరయ్య అడ్డాకును ఆపేసింది. ఇప్పుడు పిడుగాకుకి అడ్డం ఏమీ లేదు. అది పడింది. గుహ పైడమ్మది."

పైడమ్మ లేచింది. వెళ్లి గవరయ్య కాళ్ల దగ్గర తల ఆనించింది. కాకులు మాత్రం ఊరుకుంటాయా? "నోటికాడి ముద్ద పారేసుకున్నాడర్రా!" అని అడవంతా చాటాయి. గవరయ్య తన ఆకులు ఏరుకుని దగ్గుకుంటూ బొరియకి వెళ్లిపోయాడు. బాధపడలేదా అంటే, పడ్డాడు. మంచిపని చేసినా బాధ ఉంటుంది, దానికేం.

వానలు దిగాయి. ఎనిమిదో రోజు తెల్లారేసరికి వాగు గట్టు తెంచుకుంది. గవరయ్య బొరియ నిండిపోయింది. ఏళ్ల తరబడి గీసిన ఆకులన్నీ నీళ్లలో కొట్టుకుపోయాయి. ముళ్ల మధ్య చిక్కుకున్న నెమలీక ఒక్కటే మిగిలింది. ఆయన తడుస్తూ, దగ్గుతూ కొండ ఎక్కి, గుహకి కాస్త దూరంలో ఒక రాయి పక్కన ముడుచుకున్నాడు.

ఆ దగ్గు విని పైడమ్మ పరుగెత్తుకొచ్చింది. "లోపలికి రా మామా!"

"వద్దమ్మా. ఓడినవాడికి గుహలో చోటు లేదు. ఇక్కడ బాగానే ఉంది."

పైడమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. లోపలికి వెళ్లింది. వెంటనే తిరిగొచ్చి ఆయన ముందు ఒక ఆకు పెట్టింది. ఆయన గీసిన అడ్డాకే.

"నీ 'వద్దు' మీద ఇది వేస్తున్నాను మామా. అడ్డుందా?"

గవరయ్య ఆ ఆకు వైపు చూశాడు. ఆయన దగ్గర తిరిగి వేయడానికి ఒక్క ఆకు కూడా లేదు. ఉన్నా వేసేవాడు కాదనుకోండి.

"లేదు తల్లీ," అన్నాడు. "నీ మేలు మరిచిపోను."

"అది నేను అనాల్సిన మాట మామా," అంది పైడమ్మ. "నా పిల్లలు పొడిగా ఉన్నారంటే నీ వల్లే కదా."

ఆయన లోపలికి వచ్చి, ముళ్లు ఎవరికీ గుచ్చుకోకుండా ఒక మూలకి సర్దుకున్నాడు. కళ్లు తెరిచిన ముంగిస పిల్లలు మూడూ ఆయన ఎదురుగా వచ్చి కూర్చున్నాయి. గవరయ్య ఒక ముల్లు తీసి నేల మీద బొమ్మ గీయడం మొదలుపెట్టాడు. ఈసారి అడ్డాకు గురించి సగం కాదు, అంతా చెప్పాడు.

నీతి: ఎదుటివారికి తెలియని నియమాన్ని దాచి గెలవడం గెలుపు కాదు. మనకు నష్టమైనా ఎదుటివారికి చేసిన మంచి, కష్టంలో మన కోసం తిరిగి వస్తుంది.